పుస్తకం ఉన్నా దొరకనప్పుడు... గ్రంథాలయాలకు అక్కరకొచ్చే ‘వికీ’

నార్సింగి: ఇక్కడికి పొరుగునే గచ్చిబౌలిలో ఉన్న ట్రిపుల్ ఐటీని ఎరగనివారు ఈ చుట్టుపక్కల లేరు. 1998లో వెలసిన ఆ సంస్థ పాత పుస్తకాలకు చేసిన మేలు మాత్రం చాలామందికి తెలియదు. పుటలు పెళుసుబారిన వేలాది తెలుగు గ్రంథాలను కంప్యూటరుకెక్కించిన ‘డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా’ పథకంలో అది ముఖ్య భాగస్వామి.

అయితే అక్కడే ఒక చిక్కు వచ్చిపడింది. పుస్తకాల పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాలలో, తలా ఒక తీరుగా రాశారు. తెలుగులో వెదికితే దొరకవు, ఇంగ్లీషులో ఏ స్పెల్లింగుతో వెదకాలో తెలియదు. పుస్తకం ఉన్నా లేనట్టే అయింది.

2014లో తెలుగు వికీపీడియా కార్యకర్తలు పూనుకుని పుస్తకం పేరు, రచయిత, విషయం తెలుగు లిపిలో రాసి జాబితాలు కట్టారు. తప్పు కనబడితే ఎవరైనా దిద్దవచ్చు. ఎవరు, ఎప్పుడు దిద్దిందీ అక్కడే నమోదవుతుంది. వికీ అంటే ఇదే.

ఈ పని పెద్ద సంస్థలకే చెల్లుతుందన్న నియమమేమీ లేదు. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల వంతున గ్రంథాలయ పన్ను కడుతున్న జనానికి, తమ శాఖలో ఏ పుస్తకాలున్నాయో ఇంటినుంచే తెలుసుకునే వీలుండాలి కదా! సిబ్బందికీ ఇది మేలే. గ్రంథపాలకుడు బదిలీ అయితే ఏ బీరువాలో ఏముందో, పాత పత్రికల బైండ్లు ఎక్కడున్నాయో ఆ ఎరుక ఆయన వెంటే పోతున్నది. సిబ్బందికి మాత్రమే తెరుచుకునే వికీలో రాసిపెడితే కొత్తగా వచ్చినవారు తడుముకోనక్కరలేదు.

ఔటర్ రింగు రోడ్డు వచ్చాక నార్సింగి పొలాల్లో మేడలు లేచాయి. ఏ బావిని ఏమని పిలిచేవారో, ఏ కాలువ ఎటు పారేదో ఇక ముసలివారి నోటనే వినాలి. అయితే తాత చెప్పాడని రాస్తే వికీపీడియాలో నిలవదు, అచ్చయిన ఆధారం చూపాలి. గెజిటీర్లు, జనాభా లెక్కల పుస్తకాలు, పాత పత్రికలు వెదకవలసింది గ్రంథాలయంలోనే. అచ్చుకెక్కని జ్ఞాపకాలకు గ్రంథాలయం సొంత వికీ పెట్టుకోవచ్చు. అందుకు కావలసిన ‘మీడియావికీ’ ఉచితంగానే దొరుకుతుంది. ఇంటర్నెట్, సర్వరు ఖర్చులు, వారం వారం మార్పులు సరిచూసే మనిషి మాత్రం తప్పవు. తొలుత హైస్కూలు పిల్లలు ఒక్కొక్క బీరువా చొప్పున పుస్తకాల పేర్లు ఎక్కిస్తే, గ్రంథపాలకుడు సరిచూడవచ్చు.