బరువైన సవారీ, ముందు ఫోర్కు: స్ప్రింగు, గాలి, నూనె



అండమాన్ దీవుల రాజధాని పోర్ట్ బ్లెయిర్ పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా మారింది. ఆ ఊళ్లో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. చాథం జెట్టీలో ఫెర్రీ ఎక్కి బాంబూఫ్లాట్‌లో దిగితే, అక్కడి నుంచి మౌంట్ హారియట్ కొండ మీదికి దారి పోతుంది. 2021 నుంచి దాన్ని మౌంట్ మణిపూర్ అంటున్నారు. సముద్రమట్టం దగ్గర మొదలై మూడు వందల మీటర్లకు పైగా ఎక్కాలి. ఎక్కడం ఊపిరికి పరీక్ష అయితే, దిగడం సైకిలుకు పరీక్ష. వానకు కోసుకుపోయిన అంచులు, గుంతలు, తడి ఆకులు అన్నీ ముందుగా తగిలేది ముందు చక్రానికే.

ఇలాంటి దారిలో సైకిలు తొక్కాలనుకునే ఒక విద్యార్థి బరువు 95 కిలోలు అనుకుందాం. వీపున 5 కిలోల సంచి. దుకాణానికి వెళితే అతనికి దొరికే సలహా సాధారణంగా ఒకటే: 'ముందు షాక్‌లు ఉన్నది తీసుకోండి, మెత్తగా ఉంటుంది.' ఆ మెత్తదనం ఎవరి బరువుకు కొలిచినది? ఈ పాఠమంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూ నడుస్తుంది. బరువు ఎక్కువ ఉండటం సవారీ చేసేవాడి లోపం కాదు. అది లెక్కలో వేసుకోవలసిన ఒక రాశి, అంతే. ఆ రాశిని పట్టించుకోని ఫోర్కు కొండ దిగేటప్పుడు ప్రమాదం తెస్తుంది.

సస్పెన్షన్ ఫోర్కు అంటే ఏమిటో ముందు చూద్దాం. మామూలు సైకిలు ఫోర్కు కదలని రెండు కాళ్లు. సస్పెన్షన్ ఫోర్కులో ప్రతి కాలూ ఒకదానిలోకి ఒకటి జారే రెండు గొట్టాలు. పై గొట్టాన్ని స్టాంచన్ అంటారు. లోపల బరువు మోసే స్ప్రింగు ఒకటి, దాని ఊపును అణిచే నూనె యంత్రాంగం ఒకటి ఉంటాయి. గొట్టం ఎంత దూరం జారగలదో దాన్ని ట్రావెల్ అంటారు. మోటారు సైకిళ్లకు ఇది పాత సంగతే. కొండ సైకిళ్లలో ఇది నిలదొక్కుకున్నది మాత్రం 1989 ప్రాంతంలో అమెరికాలో పాల్ టర్నర్ రాక్‌షాక్స్ సంస్థను ప్రారంభించి ఆర్‌ఎస్-1 అనే ఫోర్కు తెచ్చిన తరవాత. 1990లో డురాంగోలో జరిగిన ప్రపంచ పోటీల్లో గ్రెగ్ హెర్బోల్డ్ ఆ ఫోర్కుతోనే డౌన్‌హిల్ విభాగం గెలిచాడు. అంతవరకు నవ్విన వాళ్లు తరవాత కొనుక్కున్నారు.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. మన విద్యార్థి, అతని సంచి కలిసి 100 కిలోలు. ఫోర్కు పైన ఆనే సైకిలు భాగం 10 కిలోలు. మొత్తం 110. పెడళ్ల మీద నిలబడి ఉన్నప్పుడు ఇందులో ముందు చక్రం వాటా సుమారు 40 శాతం అనుకుంటే 44 కిలోలు, అంటే దాదాపు 430 న్యూటన్లు. ఫోర్కు కొంచెం వాలి ఉంటుంది కాబట్టి అసలు విలువ కాస్త మారుతుంది. ప్రస్తుతానికి దాన్ని వదిలేద్దాం. ట్రావెల్ 120 మిల్లీమీటర్లు. సైకిలెక్కి ఊరికే నిలబడినప్పుడు ఫోర్కు ఎంతో కొంత కుంగాలి. లేకపోతే గుంత వచ్చినప్పుడు చక్రం కిందికి సాగి నేలను పట్టుకోలేదు. ఈ కుంగును శాగ్ అంటారు. కొండదారి సవారీకి ట్రావెల్‌లో 20 శాతం, అంటే 24 మిల్లీమీటర్లు, మంచి ఆరంభం.

హుక్ నియమం మీకు తెలుసు: స్ప్రింగులోని బలం దాని కుంగుకు అనులోమానుపాతంలో ఉంటుంది. 430ని 24తో భాగిస్తే మిల్లీమీటరుకు సుమారు 18 న్యూటన్లు. ఇతనికి కావలసిన స్ప్రింగు గట్టిదనం అది. సంచితో కలిపి 60 కిలోలుండే స్నేహితుడికి ఇదే లెక్క వేస్తే 11.4 వస్తుంది. తక్కువ ధర సైకిళ్లలో ఫోర్కు స్ప్రింగు ఒకే రకం. కొనేవాడి బరువు ఎంతైనా అదే వస్తుంది. అది 10 న్యూటన్ల స్ప్రింగు అయితే మన విద్యార్థి సైకిలెక్కి నిలబడగానే 43 మిల్లీమీటర్లు కుంగుతుంది. ఇంకా చక్రం కదలనే లేదు, మూడో వంతుకు మించి ట్రావెల్ ఖర్చయిపోయింది.

దిగుడులో బ్రేకు వేసినప్పుడు ఏమవుతుందో గమనించండి. సెకనుకు సెకనుకు 5 మీటర్ల చొప్పున వేగం తగ్గితే, జడత్వం వల్ల బరువు ముందుకు మళ్లుతుంది. గరిమనాభి నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో చక్రాల మధ్య దూరం కూడా ఇంచుమించు అంతే అనుకుంటే, అదనంగా ముందుకు వచ్చే బలం 110ని 5తో హెచ్చించగా 550 న్యూటన్లు. అంటే ముందు చక్రం మీద మొత్తం 980. 18 న్యూటన్ల స్ప్రింగు దీనికి 54 మిల్లీమీటర్లు కుంగుతుంది, సగానికి పైగా ట్రావెల్ ఇంకా చేతిలో ఉంటుంది. 10 న్యూటన్ల స్ప్రింగు 98 మిల్లీమీటర్లు కుంగుతుంది. సరిగ్గా ఆ క్షణంలో ఒక రాయి తగిలితే మిగిలింది 22 మిల్లీమీటర్లే. సైకిలు ముక్కు కిందికి దిగి, హ్యాండిలు నిటారై, సవారీ ముందుకు తూలతాడు. 'ఫోర్కు ఉంది కదా' అన్న ధీమాతో వేగంగా దిగినవాడు పడిపోయేది ఇక్కడే.

ఇదే విషయాన్ని శక్తి రూపంలోనూ చూడవచ్చు. చక్రం 15 సెంటీమీటర్ల మెట్టు దిగిందనుకోండి. ఆ 15, ఫోర్కు కుంగే 12 సెంటీమీటర్లు కలిపి 44 కిలోల భారం 27 సెంటీమీటర్లు కిందికి వస్తుంది. విడుదలయ్యే శక్తి సుమారు 116 జౌళ్లు. 10 న్యూటన్ల స్ప్రింగు పూర్తిగా కుంగినా దాచుకోగలిగేది 72. మిగిలిన 44 జౌళ్లలో నూనె కొంత తీసుకుంటుంది. తీసుకోలేనిది 'టక్' మని లోహానికి లోహం తగిలిన చప్పుడుగా మణికట్లకూ చట్రానికీ చేరుతుంది. 18 న్యూటన్ల స్ప్రింగు 130 జౌళ్ల దాకా దాచుకోగలదు.

ఇక్కడ చాలామందికి ఒక భ్రమ ఉంది. కాయిల్ స్ప్రింగు ఫోర్కు నెత్తిన ఒక మరబిళ్ల ఉంటుంది. దాన్ని బిగిస్తే ఫోర్కు గట్టిపడుతుందని దుకాణదారులు కూడా చెబుతారు. దాని పని ప్రీలోడ్, అంటే స్ప్రింగును ముందే కొంచెం నొక్కి ఉంచడం. 10 మిల్లీమీటర్లు నొక్కితే శాగ్ 43 నుంచి 33కు తగ్గుతుంది, కంటికి బాగుంటుంది. కాని స్ప్రింగు స్థిరాంకం మిల్లీమీటరుకు 10 న్యూటన్లుగానే ఉంది. దాచగల శక్తి 72 నుంచి 84 జౌళ్లకు మాత్రమే పెరిగింది. కావలసింది 116. కాబట్టి మరబిళ్ల మందు కాదు, స్ప్రింగే మారాలి. కొన్ని సంస్థలు తమ కాయిల్ ఫోర్కులకు మెత్తని, మధ్యరకం, గట్టి స్ప్రింగులు విడిగా అమ్ముతాయి. కొనే ముందు అడగవలసిన మొదటి ప్రశ్న అదే: 'దీనికి గట్టి స్ప్రింగు దొరుకుతుందా?'

గాలి ఫోర్కులో ఈ బాధ లేదు. స్ప్రింగుకు బదులు గాలి నింపిన గది ఉంటుంది. బరువును బట్టి పీడనం పెంచుకోవచ్చు. బరువైన సవారీకి ఇది పెద్ద వరం. బాయిల్ నియమం మరో మేలు కూడా చేస్తుంది. గాలి స్తంభం పొడవు 180 మిల్లీమీటర్లు, ఫోర్కు 120 కుంగితే మిగిలేది 60. ఘనపరిమాణం మూడో వంతయింది కనుక పరమ పీడనం మూడు రెట్లవుతుంది. దెబ్బ వేగంగా తగిలితే గాలి వేడెక్కి ఇంకా ఎక్కువవుతుంది. అంటే చివరికి వచ్చేసరికి గాలి తనంతట తానే గట్టిపడుతుంది, కాయిల్ స్ప్రింగు అలా గట్టిపడదు. చాలా ఫోర్కుల్లో గాలి గదిలో ప్లాస్టిక్ బిళ్లలు వేసి ఘనపరిమాణం తగ్గించే వీలుంది. శాగ్ సరిగానే ఉండి, పెద్ద దెబ్బలకు మాత్రం అడుగంటుతుంటే, పీడనం పెంచకుండా ఒక బిళ్ల వేసి చూడాలి. గాలి నింపడానికి దీనికోసమే చేసిన చిన్న చేతిపంపు వాడాలి. పెట్రోలు బంకులో గొట్టం పెట్టకండి. ఆ గది చాలా చిన్నది. ఒక్క క్షణం తేడాలో పీడనం ఎక్కడికో పోతుంది.

స్ప్రింగు సంగతి తేలాక చాలామంది అక్కడితో ఆగిపోతారు. నూనెను మరిచిపోతారు. కుంగిన స్ప్రింగు తిరిగి లేచేటప్పుడు దాచుకున్న శక్తినంతా వెనక్కి ఇస్తుంది. దాన్ని అణచకపోతే హ్యాండిలు ఎగిరెగిరి పడుతుంది. సన్నని రంధ్రాల గుండా నూనెను పోనిచ్చి, స్నిగ్ధత వల్ల ఆ శక్తిని వేడిగా మార్చడమే డాంపర్ పని. మీ పాఠ్యపుస్తకంలోని అవరుద్ధ డోలనాలు ఇవే. ఒక ఆసక్తికరమైన విషయం చూడండి. ఇద్దరు స్నేహితులూ 24 మిల్లీమీటర్ల శాగ్ పెట్టుకుంటే వారి సహజ పౌనఃపున్యం ఒకటే, సెకనుకు సుమారు 3.2 డోలనాలు. అది శాగ్ మీదే ఆధారపడుతుంది, బరువు మీద కాదు. అయినా ఆ డోలనాన్ని అదే తీరున అణచడానికి కావలసిన నిరోధం ద్రవ్యరాశితో పాటు పెరుగుతుంది. 44కు 28కి నిష్పత్తి దాదాపు 1.57. అంటే బరువైన మిత్రుడికి సగానికి పైగా ఎక్కువ నిరోధం కావాలి. అందువల్ల రీబౌండ్ సర్దుబాటు లేని గాలి ఫోర్కు కొంటే సగం సమస్యే తీరుతుంది. ఆ మరబిళ్ల ఫోర్కు కాలి అడుగున ఎర్రగా ఉండటం వాడుక. గాలి ఎక్కించిన ప్రతిసారీ దాన్ని కూడా కొంచెం బిగించుకోవాలి.

తరవాతిది గొట్టాల లావు. పలచని గొట్టం వంగుడును తట్టుకునే గట్టిదనం, గోడ మందం మారకపోతే, వ్యాసం ఘనంతో పెరుగుతుంది. 28 మిల్లీమీటర్ల స్టాంచన్‌తో పోలిస్తే 32ది ఒకటిన్నర రెట్లు, 34ది దాదాపు 1.8 రెట్లు గట్టిది. బరువైన సవారీ డిస్కు బ్రేకు పట్టినప్పుడు సన్నని కాళ్లు వెనక్కి వంగుతాయి, మెలిపడతాయి. వంగిన గొట్టం సరిగా జారదు. ఇరుసు కూడా అంతే ముఖ్యం. 9 మిల్లీమీటర్ల క్విక్ రిలీజ్ కంటే రెండు కాళ్లనూ ఒకటిగా బిగించే 15 మిల్లీమీటర్ల త్రూ యాక్సిల్ మేలు. అయితే చక్రం హబ్బు కూడా దానికి తగ్గది ఉండాలి. ట్రావెల్ ఎక్కువైతే మంచిదనుకుని చట్రానికి మించిన ఫోర్కు బిగించకండి. ఫోర్కు 20 మిల్లీమీటర్లు పొడవు పెరిగితే హ్యాండిలు కోణం ఒక డిగ్రీ వరకు వాలుతుంది, తలగొట్టం మీద ఒత్తిడి పెరుగుతుంది. సంస్థ ఇచ్చే పుస్తకంలో సైకిలుకు, ఫోర్కుకు బరువు పరిమితి రాసి ఉంటుంది. సాధారణంగా ఆ పుస్తకాన్ని అట్టపెట్టెతో పాటే పారేస్తుంటాం. ముందు ఆ పుట చదవండి.

ఇక దీవుల సంగతి. ఇక్కడ రెండు రుతుపవనాలూ వానలు తెస్తాయి. ఏడాదికి 3,000 మిల్లీమీటర్లకు అటూఇటూ వర్షం, దానికి తోడు ఉప్పుగాలి. చౌక ఫోర్కుల్లో స్టాంచన్లు క్రోమ్ పూసిన ఉక్కు. పూతలో సూదిమొనంత చిల్లు పడితే చాలు, అక్కడ తుప్పు లేస్తుంది. ఆ గరుకు రబ్బరు సీలును కోస్తుంది, కోసిన చోట నీరు చేరుతుంది. ఆనొడైజ్ చేసిన అల్యూమినియం స్టాంచన్లు దీన్ని బాగా తట్టుకుంటాయి. సముద్రతీరంలో తొక్కి వచ్చిన రోజు మంచినీళ్లతో మెల్లగా కడిగి, గుడ్డతో తుడవాలి. నీటిపంపు ధార సీలు మీద కొట్టకూడదు. ఇంటికి వచ్చాక సైకిలును కాసేపు తలకిందులుగా ఉంచితే లోపలి నూనె సీలు కింది స్పాంజి రింగును తడుపుతుంది. పైసా ఖర్చు లేని సేవ ఇది.

సీలు పోతే ఏం చేయాలి? విడిభాగం చెన్నై, విశాఖపట్నం, కోల్‌కతా వంటి చోట్ల నుంచి సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రం దాటి రావాలి. గాలి ఫోర్కు సీలు తెగితే ఫోర్కు చతికిలబడుతుంది. కాయిల్ స్ప్రింగు మురికిగానైనా పని చేస్తూనే ఉంటుంది. కాబట్టి నా అభిప్రాయం ఇది: నగరానికి దగ్గరగా ఉండి, పంపు, ఒక జత సీళ్లు ముందే తెప్పించి పెట్టుకోగలిగితే 32 మిల్లీమీటర్లకు తక్కువ కాని స్టాంచన్ల గాలి ఫోర్కు. డిగ్లీపూర్ వంటి దూరపు ఊళ్లలో ఉంటే, సరైన గట్టి స్ప్రింగు వేసిన కాయిల్ ఫోర్కు. ఈ రెండింటికీ డబ్బు చాలకపోతే, చౌక సస్పెన్షన్ కంటే కదలని ఉక్కు ఫోర్కు, దానికి వెడల్పాటి టైరు. 1888లో డన్‌లప్ పేటెంటు పొందిన గాలి టైరే సైకిలుకు అసలైన సస్పెన్షన్, ఆ మాట మనం తరచుగా మరిచిపోతాం. ఈ దీవులు దేశానికి ఇచ్చిన పేరున్న సైక్లిస్టులు, 2004 సునామీ నుంచి బయటపడిన కార్ నికోబార్ అమ్మాయి డెబోరా హెరాల్డ్, 2019లో జూనియర్ ప్రపంచ పోటీల్లో టీం స్ప్రింట్ స్వర్ణం గెలిచిన జట్టులోని ఎసో ఆల్బెన్, ట్రాక్ మీద తొక్కిన సైకిళ్లకు సస్పెన్షన్ కాదు కదా, బ్రేకులు కూడా ఉండవు. నున్నని ట్రాక్ మీద వాటితో పని లేదు.

ఫోర్కు ఏదైనా, మొదటి రోజే శాగ్ కొలవండి. స్టాంచన్ మీద రబ్బరు రింగు లేకపోతే ఒక ప్లాస్టిక్ జిప్ టై వదులుగా కట్టి సీలు దాకా దించండి. రోజూ మోసే సంచి తగిలించుకుని, స్నేహితుణ్ణి సైకిలు పట్టుకోమని, మెల్లగా ఎక్కి, పెడళ్ల మీద నిలబడి, ఊగకుండా దిగండి. టై ఎంత పైకి జరిగిందో స్కేలుతో కొలవండి. 24కు ఎక్కువ వస్తే గాలి ఎక్కించండి, తక్కువ వస్తే తీయండి. ఆ పీడనాన్ని మీ బరువుతో పాటు నోటుపుస్తకంలో రాసుకోండి. వాన కాలం గడిచాక మళ్లీ కొలిచి చూడండి.