గూడబాతులు చుట్టాలు కావు.. మనవాళ్లే!

కూచిపూడి నుంచి పామర్రు, గుడివాడ, ముదినేపల్లి దాటితే కైకలూరు. ఆ పక్కనే ఆటపాక. చలికాలం ఆదివారాల్లో ఫోన్లు పట్టుకుని కుర్రకారు వాలిపోయే చోటు. బోటెక్కి కాస్త లోపలికి వెళ్తే చాలు.. చెట్ల మీద, ఇనుప స్టాండ్ల మీద బారులు తీరిన గూడబాతులు. అదేనండీ, పెలికాన్లు! గరిటె లాంటి ముక్కు, దాని కింద వేలాడే సంచి. ఒక్క సెల్ఫీతో ఆగబుద్ధి కాదు.

సైబీరియా నుంచి వచ్చాయా?

'ఇవి సైబీరియా కొంగలు' అని బోటులో ఎవరో ఒకరు అనకుండా ఉండరు. కానీ ఆటపాకలో గూళ్లు కట్టే గూడబాతులు మన దేశానివే. ప్రపంచం మొత్తంలో ఇవి పిల్లల్ని చేసేది ముఖ్యంగా భారత్, శ్రీలంక, కంబోడియాల్లోనే. చలికాలంలో ఉత్తరాది నుంచి వచ్చిపోయే సూదితోక బాతుల్లాంటివి వేరు. అవి చుట్టాలు. గూడబాతులు ఇంటివాళ్లు. ఈ తేడా చిన్నది కాదు. చుట్టం రాకపోతే 'వచ్చే ఏడు వస్తుందిలే' అనుకోవచ్చు. ఇంట్లోవాళ్లే వెళ్లిపోతే?

ఒకసారి అదీ జరిగింది

1946లో కె.కె. నీలకంఠన్ అనే పక్షి పరిశీలకుడు కొల్లేరు ప్రాంతంలో పెద్ద గూడబాతుల స్థావరాన్ని గుర్తించారు. అప్పుడక్కడ దాదాపు 3,000 పక్షులు గూళ్లు పెట్టాయి. కొన్ని దశాబ్దాలు తిరిగేసరికి ఆ స్థావరం ఖాళీ అయిపోయింది. ఇప్పుడు ఆటపాకలో కనిపిస్తున్నది మనకు దొరికిన రెండో అవకాశం. గూళ్లకు చెట్లు చాలవని అటవీశాఖ నీళ్లలో ఇనుప స్టాండ్లు నిలబెట్టింది. పక్షులు వాటినీ సొంతం చేసుకున్నాయి.

స్టాండు ఉంటే సరిపోదు

గూడు కట్టుకోవడానికి చోటివ్వగలం. మరి తిండి? అది కొల్లేరే పెట్టాలి. 1999లో ప్రభుత్వం +5 కాంటూరు వరకు, అంటే సుమారు 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో రామ్‌సర్ గుర్తింపూ వచ్చింది. అయినా చేపల చెరువుల గట్లు సరస్సును ముక్కలు చేస్తూనే ఉన్నాయి. 2005-06లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరిట వాటిని కొట్టేశారు. తర్వాత చాలాచోట్ల మళ్లీ లేచాయి.

గట్టు వేస్తే నీరు పారదు. లోతు తక్కువ నీళ్లలో నడుస్తూ మేత వెతుక్కునే కొంగలకు చెరువు లోతు పనికిరాదు. అలాగని తప్పంతా రైతుదే అనలేం. అభయారణ్యం హద్దులో జిరాయితీ భూములూ కలిశాయి. వాళ్ల గోడు, తరతరాలుగా వల మీదే బతికే వడ్డీల గోడు తేల్చకుండా పక్షులను కాపాడతామంటే కుదరదు.

ఇది పక్షుల బాధే అనుకుంటే పొరపాటు. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు చివరికి చేరేది కొల్లేటికే. అక్కడి నుంచి సముద్రానికి దారి ఒక్క ఉప్పుటేరు. కొల్లేరు వరదను పట్టి నిదానంగా వదిలే గిన్నె లాంటిది. ఆ గిన్నెను మట్టితో నింపేస్తే నీళ్లు మన ఊళ్ల మీదే పడతాయి.

వెళ్తున్నారా? ఇవి గుర్తుంచుకోండి

* 'ఎగిరే షాట్' కోసం చప్పట్లు, ఈలలు, రాళ్లు వద్దు. తల్లి లేచిపోయిన గూట్లో గుడ్లను కాకులు ఎత్తుకుపోతాయి. గుడ్డు పిల్ల కావడానికి నెల రోజులు పడుతుంది. మన రీల్ అర నిమిషమే!
* గూళ్లకు దగ్గరగా పోనివ్వమని బోటు నడిపే అన్నను బతిమాలొద్దు. జూమ్ ఉంది కదా.
* అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయొద్దు. అభయారణ్యంలో పక్షులను బెదిరించడం, గూళ్లు పాడుచేయడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం.
* చిప్స్ కవర్లు, వాటర్ బాటిళ్లు మీతోనే వెనక్కి తెచ్చేయండి.
* పోస్టులో 'సైబీరియా కొంగలు' అని రాయకండి. 'మా కొల్లేటి గూడబాతులు' అని రాయండి. మనవి అనుకుంటేనే కదా కాపాడుకునేది!