కారు ఏసీలో వేడి గాలి.. గ్యాస్ ఒక్కటే కారణం కాదు

ద్వారకానగర్ (విశాఖపట్నం): ఏసీ మీట నొక్కితే చల్లని గాలికి బదులు వేడి గాలి వచ్చిందంటే వాహనదారులకు మొదట వినిపించే మాట ‘గ్యాస్ అయిపోయింది’. నింపించుకుని వెళ్తారు. నెల తిరిగేసరికి మళ్లీ అదే వేడి, అదే మాట, అదే ఖర్చు. నిజానికి ఏసీ గ్యాస్ పెట్రోలు మాదిరిగా వాడేకొద్దీ ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న గొట్టాలలో అదే వాయువు పదేపదే తిరుగుతూ ఉంటుంది. రబ్బరు గొట్టాల గుండా ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా జారిపోయేది మినహాయిస్తే, తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్లే. దాన్ని వెదకకుండా గ్యాస్ నింపించడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే.

కంప్రెసర్ వాయువును గట్టిగా నొక్కుతుంది. ఆ ఒత్తిడికి అది బాగా వేడెక్కుతుంది. రేడియేటరు ముందు ఉండే కండెన్సర్ ఆ వేడిని బయటి గాలిలోకి వదిలి వాయువును ద్రవంగా మారుస్తుంది. ఆ ద్రవం సన్నని కవాటం దాటి, డ్యాష్‌బోర్డు వెనుక ఉన్న కూలింగ్ కాయిల్‌లో ఆవిరవుతూ కారు లోపలి వేడిని పీల్చుకుంటుంది. ఈ వరుసలో ఎక్కడ తేడా వచ్చినా గాలి వేడిగానే వస్తుంది. గ్యాస్ నిండుగా ఉన్నా సరే.

సిగ్నల్ వద్ద వేడి.. రహదారిపై చల్లన

మధురవాడ వైపు జాతీయ రహదారిపై వెళ్తున్నంతసేపు చల్లగా ఉండి, ఆర్టీసీ కాంప్లెక్స్ వద్ద సిగ్నల్ పడగానే గాలి వేడెక్కుతుంటే ముందుగా అనుమానించవలసింది కండెన్సర్ ఫ్యాన్‌ను. కారు పరుగెత్తేటప్పుడు ఎదురుగాలి కండెన్సర్‌ను చల్లబరుస్తుంది. ఆగినప్పుడు ఆ పని ఫ్యాన్ చేయాలి. ద్వారకానగర్ కోచింగ్ కేంద్రాల ఎదుట ఇంజిన్ ఆపకుండా పిల్లల కోసం ఎదురుచూసే తల్లిదండ్రుల కార్లలో ఈ లోపం త్వరగా బయటపడుతుంది. ఇంజిన్ నడుస్తుండగా, ఒకరు లోపల ఏసీ వేస్తే మరొకరు బానెట్ ఎత్తి ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడవచ్చు. చేతులు, చున్నీలు, చీర చెంగులు మాత్రం బెల్టుకు, ఫ్యాన్‌కు దూరంగా ఉంచాలి. తిరగకపోతే ఫ్యూజు, రిలే, మోటారు వరుసగా పరీక్షించాలి. చాలా చిన్న కార్లలో రేడియేటరుకూ ఆ ఫ్యానే దిక్కు. వేడి సూచిక పైకి పాకుతుంటే ఏసీ కట్టేసి బండి పక్కకు తీయడం తక్షణావసరం.

సముద్రపు ఉప్పు.. ఓడరేవు దుమ్ము

విశాఖ కార్లకు ఊరి వాతావరణమే ఒక పరీక్ష. కండెన్సర్ పలుచని అల్యూమినియం రేకులతో తయారవుతుంది. తీరం నుంచి వచ్చే ఉప్పుగాలి ఆ లోహాన్ని క్రమేణా తినేస్తుంది. ఓడరేవు, కర్మాగారాల వైపు నుంచి వచ్చే దుమ్ము రేకుల మధ్య సందులను పూడ్చేస్తుంది. వాటిని మంద ధారతో కడగాలి. అధిక పీడనపు నీటిని దగ్గరగా కొడితే రేకులు వంగిపోయి అసలుకే మోసం వస్తుంది. వాయువుతో పాటు కంప్రెసర్ నూనె కూడా తిరుగుతుంది గనుక లీకు ఉన్నచోట జిడ్డు మరక కనిపిస్తుంది. దుమ్ము అంటుకున్న నల్లని జిడ్డు కండెన్సర్ మీద గాని, గొట్టాల అతుకుల వద్ద గాని ఉంటే అక్కడే వెదకడం మేలు.

కారు కింద నీటి చుక్కలు చూసి గ్యాస్ కారిపోతోందని హడలిపోయేవారూ లేకపోలేదు. అది గాలిలోని తేమ కాయిల్‌పై నీరుగా మారి బయటికి పోవడమే. ఉక్కపోత నగరంలో ఆ చుక్కలు ఏసీ పనిచేస్తోందనడానికి గుర్తు. అవి బయట పడక లోపలి కార్పెట్ తడుస్తుంటే నీరు పోయే గొట్టం పూడుకున్నట్లు.

గ్యారేజీకి వెళ్లకముందే కొన్ని చూసుకోవచ్చు. బయటి గాలిని లోపలికి లాగే మీట తెరిచి ఉంటే తేమగాలిని చల్లబరచలేక ఏసీ అలసిపోతుంది. ఉష్ణోగ్రత మీట వేడి వైపు ఉండిపోవడం వినడానికి విడ్డూరమే గాని జరిగేదే. ఒకవైపు చల్లగా, మరోవైపు వేడిగా వస్తుంటే లోపల గాలిని మళ్లించే తలుపుపై దృష్టి పెట్టాలి. అయితే గ్యాస్ తగ్గినా కొన్ని కార్లలో ఇలాగే అవుతుంది. ఏసీ వేయగానే ‘టక్’మనే శబ్దం వినిపించకపోతే కంప్రెసర్ క్లచ్ పట్టుకోవడం లేదన్నమాట. గ్యాస్ బాగా తగ్గినప్పుడు రక్షణ స్విచ్ దాన్ని పట్టనివ్వదు. ఫ్యూజు పోయినా అంతే. క్లచ్ లేని కంప్రెసర్లున్న కొన్ని కొత్త కార్లకు ఈ గుర్తు వర్తించదు. విద్యుత్తు కార్లలోనైతే నారింజ రంగు తీగల జోలికి పోరాదు.

తూకమే ప్రమాణం

గేజి ఒక్కటే చూసి గ్యాస్ ఎంత ఉందో తేల్చడం కుదరదు. ఆగి ఉన్న ఏసీలో కొంత ద్రవం మిగిలినంతవరకు పీడనం ఉష్ణోగ్రతను బట్టి ఉంటుందే తప్ప పరిమాణాన్ని బట్టి కాదు. చాలా కార్ల బానెట్ కింద ఉండే చీటీపై ఏ వాయువు, ఎన్ని గ్రాములు అన్నది రాసి ఉంటుంది. చిన్న కార్లకు సాధారణంగా అర కిలో అటూఇటూ. పద్ధతి ప్రకారమైతే పాత వాయువును యంత్రంతో వెనక్కి లాగాలి. తర్వాత నత్రజని నింపి సబ్బు నురగతో లీకు పట్టుకుని, బాగుచేయాలి. ఆపై అరగంటకు తగ్గకుండా వ్యాక్యూమ్ పెట్టి లోపలి తేమ, గాలి తీసేశాకే చీటీలోని తూకం ప్రకారం నింపాలి. ఎక్కువైనా చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్‌పై భారం పడుతుంది. చౌకగా దొరుకుతుందని వంటగ్యాస్ తరహా వాయువు నింపితే అది మండే స్వభావం కలది.

పాత వాయువును గాలిలోకి వదిలేయడం మరో నష్టం. ఒకప్పటి ఆర్-12 ఓజోన్ పొరకు చేటు చేస్తుందని 1987 మాంట్రియల్ ఒప్పందంతో ప్రపంచ దేశాలు దాన్ని దశలవారీగా మానుకున్నాయి. దాని స్థానంలో వచ్చిన ఆర్-134ఏ ఓజోన్‌ను తాకదు గాని, భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువుకు సుమారు 1,300 నుంచి 1,500 రెట్లు. ఈ కోవ వాయువులను తగ్గించేందుకు 2016లో కుదిరిన కిగాలి సవరణను భారత్ 2021లో ఆమోదించింది. కొన్ని కొత్త కార్లలో ఇప్పుడు ఆర్-1234వైఎఫ్ వస్తోంది. ఒకదానికి బదులు మరొకటి నింపడానికి వీల్లేదు. బిల్లుపై లీకు ఎక్కడ దొరికింది, వెనక్కి లాగినది ఎన్ని గ్రాములు, నింపినది ఎన్ని గ్రాములు అన్నది రాయించుకుంటే, నెల తిరక్కుండానే వేడి గాలి వచ్చినప్పుడు ఎవరిని ఏమని అడగాలో తెలుస్తుంది.