‘చాలు’ అంటే చాలనే అనుకునే ఇల్లు

అమెరికాలో పాఠశాలలు ఎక్కువగా ఆగస్టులోనో, సెప్టెంబరు మొదట్లోనో తెరుచుకుంటాయి. ఆ వేళకు అక్కడికి చేరుకునే వారిలో మన దేశపు పిల్లలు కూడా కొందరుంటారు. వారు విశ్వవిద్యాలయాలకు వెళ్లే పెద్ద పిల్లలు కారు. పదిహేను, పదహారు, పదిహేడేళ్ల వారు. హాస్టలు ఉండదు, బంధువుల ఇల్లు ఉండదు. మునుపెన్నడూ చూడని ఒక కుటుంబం వారిని ఇంట్లో ఉంచుకుని, తమ పిల్లలతోపాటు బడికి పంపుతుంది. ఒక విద్యా సంవత్సరం అలా గడిపి తిరిగి వస్తారు.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1932లో డొనాల్డ్ వాట్ అనే అమెరికన్ కొందరు యువకులను యూరప్‌కు తీసుకువెళ్లి, పరాయి దేశస్థుల మధ్య కలిసి బతకడమే చదువు అన్న పద్ధతికి నాంది పలికాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన వారిని అంబులెన్సులలో మోసిన స్వచ్ఛంద సేవకుల సంస్థ ఏఎఫ్ఎస్, 1947 నుంచి హైస్కూలు పిల్లలను దేశం నుంచి దేశానికి పంపడం మొదలుపెట్టింది. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత, 2002 అక్టోబరులో, ముస్లిములు గణనీయంగా ఉన్న దేశాల పిల్లల కోసం అమెరికా ప్రభుత్వం ఒక పథకం ప్రవేశపెట్టింది. సెనేటర్లు కెన్నెడీ, లూగర్‌ల పేర్లు కలిపిన ఆ పథకాన్ని అందరూ ‘యెస్’ అని పిలిచారు. దాని కింద మన దేశ విద్యార్థులూ ఎంపికై వెళ్లారు.

పిల్లవాడు ఎంపికయ్యాడన్న ఉత్తరం రాగానే తల్లిదండ్రులు మా వద్దకు వచ్చి అడిగేవి రెండు ప్రశ్నలు. ‘మౌల్వీసాబ్, వాడి దీన్ ఏమవుతుంది?’ అన్నది తండ్రి ప్రశ్న. ‘వాడు ఏం తింటాడు?’ అన్నది తల్లి ప్రశ్న. తండ్రి ప్రశ్న పెద్దది, నిజమే. కాని తల్లి ప్రశ్నే ముందు ఎదురవుతుంది. అదీ విమానం దిగిన రాత్రే.

మూడు రాత్రుల ఆకలి

మాకు తెలిసిన ఒక అబ్బాయి సంగతి చెబుతాం. కడప జిల్లావాడు. తండ్రికి బట్టల దుకాణం. అబ్బాయిని మిన్నెసోటా రాష్ట్రంలో ఒక చిన్న పట్టణంలోని కుటుంబానికి అప్పగించారు. విమానాశ్రయానికి ఇంటిల్లిపాదీ వచ్చారు. అట్ట మీద అతని పేరు రాసి పట్టుకున్నారు. ఇంటికి తీసుకువెళ్లి, అతని గౌరవార్థం ఆ ఇంటి తల్లి పండుగ వంట వడ్డించింది. బల్ల మధ్యలో పెద్ద పళ్లెంలో ఉన్నది పంది మాంసం.

ఆమెకు తెలియక కాదు, గుర్తులేక. దరఖాస్తులో ‘ముస్లిం’ అని చదివింది. దానికీ తన పొయ్యి మీది వంటకూ సంబంధం ఉందన్నది ఆ హడావుడిలో తట్టలేదు. అబ్బాయి ఏమన్నాడు? ‘ఆకలి లేదండీ, విమానంలో తిన్నాను’ అన్నాడు. ఆమె ‘సరే’ అని పళ్లెం తీసేసింది!

ఇక్కడే మన తకల్లుఫ్ పిల్లవాడి ప్రాణం మీదికి తెచ్చింది. మన ఇళ్లలో అతిథి ‘చాలు’ అంటే, ఇంకో గరిటె వెయ్యమని అర్థం. రెండోసారి ‘వద్దు వద్దు’ అంటే, బలవంతం చెయ్యమని అర్థం. మూడోసారి చెయ్యి అడ్డం పెడితే, అప్పుడు ఆలోచిస్తాం. మొదటి మాటకే పళ్లెం చాచినవాణ్ణి నదీదా అంటాం. అమెరికా ఇంట్లో ఈ భాష చెల్లదు. ‘వద్దు’ అంటే వద్దనే. రెండోసారి అడగడం అతిథిని ఇబ్బంది పెట్టడమని వారి మర్యాద. వారిదీ మర్యాదే, మనదీ మర్యాదే. మధ్యలో మాడింది పిల్లవాడి కడుపు.

రెండో రోజు పిజ్జా తెప్పించారు. దాని మీద గుండ్రటి ఎర్ర ముక్కలు. అవి పెప్పరోనీ. అక్కడ అది సాధారణంగా పందీ, గొడ్డూ కలిపి చేసే మాంసం. అబ్బాయి ముక్కలు ఏరి అంచున పెట్టి, రొట్టె కూడా తినలేక లేచాడు. రాత్రి గది తలుపు మూసుకుని, తల్లి పెట్టెలో సర్దిన ఉస్మానియా బిస్కెట్లు తిన్నాడు. మూడో రాత్రీ అంతే. తలుపు మూసుకోవడం కూడా అక్కడ ఒక మాటే. పడుకునే వేళ కాకుండా గది తలుపు మూసి ఉంటే, పిల్లవాడు అలిగాడనో, తమతో కలవడం ఇష్టం లేదనో వారు అనుకుంటారు. ఆ తల్లి తన వంట నచ్చలేదని బాధపడిందట. ఆమె కూడా ఏమీ అడగలేదు.

గుట్టు బయటపెట్టింది ఆ ఇంటి కుక్క. మంచం కింద బిస్కెట్ పొడి వాసన పట్టి, ఖాళీ పొట్లం నోట కరచుకుని వంటగదిలోకి తెచ్చి పడేసింది. ఆమె పొట్లం చేత పట్టుకుని వచ్చి తలుపు తట్టింది. అప్పుడు గాని అబ్బాయి నోరు విప్పలేదు. విన్న తర్వాత ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి, ఒక్కొక్క డబ్బా బయటికి తీసి, అతణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని వెనకాల చీటీలు చదవడం మొదలుపెట్టింది. ఇది తింటావా, ఇది తింటావా అని. అందులో ఉన్నదేమిటో ఆమె కూడా మొదటిసారి చదువుతోంది. పిల్లలు తినే మెత్తటి మిఠాయిలలో జెలటిన్ ఉందని, అది తరచుగా పంది చర్మం నుంచి తీస్తారని ఆమెకూ అప్పుడే తెలిసింది. గుడ్లు, చేపలు, పాలు, అన్నం, రాజ్మా, పళ్లు ఇవన్నీ ఒక అరలోకి చేరాయి. ఆ అర అతనిదయింది.

ఆ రాత్రి అతను ఆరు గుడ్ల ఆమ్లెట్ తిన్నాడని అతనే చెప్పాడు. మేము నమ్మాం.

కనుక వెళ్లే ముందే పిల్లవాడి నోట మూడు వాక్యాలు పలికించి, బాగా సాధన చేయించండి. నేను పంది మాంసం తినను. నేను మద్యం కలిసినది ముట్టను. నాకు ఆకలిగా ఉంది. మూడో వాక్యమే చాలా కష్టం. దరఖాస్తుతోపాటు ఆతిథ్య కుటుంబానికి ఒక పరిచయ లేఖ రాయిస్తారు. నాకు క్రికెట్ ఇష్టం, బొమ్మలు వేస్తాను అని నింపే ఆ లేఖలోనే ఈ సంగతులు కూడా రాయడం మేలు. గ్రంథ ప్రజలు కోసిన మాంసం విషయంలో పండితుల మధ్య భేదాభిప్రాయం ఉంది. అంగడిలో దొరికే మాంసం ఎవరు, ఎలా కోసారో తెలియని కారణంగా మన వైపు ఉలమాలు జాగ్రత్త పడమంటారు. మీరు నమ్మే ఆలిం వద్ద ఏ మాట తీసుకుంటారో దాన్ని ఇంటి వద్దనే తేల్చి పంపండి. పదహారేళ్ల పిల్లవాడు పరాయి బల్ల ముందు కూర్చుని ఫత్వా వెతుక్కోకూడదు.

నీళ్లు, నేల, నమాజు

స్నానాల గది గురించి ఎవరూ ముందు చెప్పరు. అక్కడ గది నేలకు నీళ్లు పోయే తూము సాధారణంగా ఉండదు. తొట్టిలో నిలబడి, తెర అంచును తొట్టి లోపలికి వేసుకుని స్నానం చెయ్యాలి. తెర బయట ఉంటే నీరంతా నేల మీదికి, నేల నుంచి కింది గది పైకప్పులోకి దిగుతుంది. అక్కడి ఇళ్లు ఎక్కువగా చెక్కతో కట్టినవి. ఉజూ కూడా అంతే. మూతి కడుక్కునే తొట్టిలో కాలు ఎత్తి పెడితే చూసేవారికి వింతగా ఉంటుంది, నేలా తడుస్తుంది. స్నానపు తొట్టి అంచున కూర్చుని కాళ్లు కడుక్కుని, తడి తుడిచి రావాలి. బడిలో ఇది కుదరదు గనుక చర్మపు మేజోళ్లు వెంట ఇవ్వండి. ఉజూతో తొడుక్కుంటే, స్థిరనివాసికి ఆ ఉజూ భంగమైనప్పటి నుంచి ఒక పగలూ ఒక రాత్రీ వాటి మీద మసహ్ చెల్లుతుంది. శౌచానికి నీళ్లుండవు, కాగితమే. ఒక ప్లాస్టిక్ చెంబు పెట్టెలో వేస్తే సరిపోతుంది. అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

ఖిబ్లా మరో ముచ్చట. మన పిల్లవాడు పుట్టినప్పటి నుంచి పడమర వైపు, కాస్త ఉత్తరానికి వాలి నిలబడతాడు. మిన్నెసోటాలో ఈశాన్యానికి తిరగాలి. భూమి గుండ్రం గనుక, మక్కాకు దగ్గరి దారి అటు నుంచే పోతుంది. మొదటి రోజు అబ్బాయి అలవాటుగా పడమరకే నిలబడబోయి ఆగి, దిక్సూచి అడిగాడట. ఆ ఇంటి పెద్దాయన వేటకు వాడే దిక్సూచి తెచ్చి, నేల మీద పెట్టి, మక్కా ఎటు అని తనే లెక్క వేశాడట.

వేళల విషయంలో తొలి రోజులు నిజానికి సులువు. ఆగస్టులో అక్కడ జొహర్ వేళ మధ్యాహ్నం ఒంటిగంట దాటాకే వస్తుంది. బడి నుంచి తిరిగి వచ్చాక కూడా సమయం మిగిలి ఉంటుంది. పొద్దు గుంకేది రాత్రి ఎనిమిది దాటాక. కనుక ఇషాకు మేలుకోవడమే కష్టం. నవంబరులో గడియారాలు ఒక గంట వెనక్కి జరిపాక లెక్క తారుమారవుతుంది. అసర్ మూడు గంటల ప్రాంతానికి, మగ్రిబ్ అయిదు లోపలికి వచ్చేస్తాయి. అప్పుడు జొహర్ బడిలోనే చేసుకోవడం మేలు. భోజన విరామంలో విద్యార్థి తనంతట తాను ప్రార్థన చేసుకోవడానికి అక్కడి ప్రభుత్వ పాఠశాలల్లో అభ్యంతరం లేదు. ఒక మూల చూపించమని అడగాలి, అంతే. మసీదు అందుబాటులో లేని ఊళ్లో జుమా బదులు జొహర్ చేసుకోవాలి. హనఫీల ప్రకారం ఒకేచోట పదిహేను రోజులకు తగ్గకుండా ఉండే సంకల్పం ఉన్నవాడు ముసాఫిర్ కాడు. కాబట్టి దారిలో, శిక్షణ శిబిరంలో గడిపే రెండు మూడు రోజులు ఖస్ర్, ఆ ఇంట్లో అడుగుపెట్టాక పూర్తి నమాజు.

కుక్కను చూసి పిల్లలు బెదిరిపోతారు. హనఫీ ఫిఖహ్‌లో దాని లాలాజలమే అపవిత్రం, పొడి ఒళ్లు తగిలితే బట్టలు చెడవు. జానమాజ్ పరిచే గదిలోకి రానివ్వొద్దని అడిగితే వారు కాదనరు. పై అబ్బాయి మాత్రం ఆ బిస్కెట్ సంగతి తర్వాత దానితో స్నేహం చేశాడు, దూరం నుంచే.

తండ్రులు తెలుసుకోవలసినవి

ఆతిథ్యమిచ్చే కుటుంబానికి ఈ ఏర్పాటులో జీతం ఉండదు. వారు డబ్బు కోసం కాదు, మనసుతో తీసుకుంటున్నారు. అయినా నమ్మకం ఒక్కదాని మీద ప్రభుత్వం వదిలెయ్యలేదు. ఆ ఇంట్లో పద్దెనిమిదేళ్లు నిండిన ప్రతి ఒక్కరి నేరచరిత్ర తనిఖీ చెయ్యాలి. పిల్లవాడికి ప్రత్యేకంగా ఒక మంచం ఉండాలి. అది గాలి నింపే పరుపో, మడత సోఫానో కారాదు. గది పంచుకుంటే అదే లింగానికి చెందిన ఒక్కరితోనే. సంస్థ ప్రతినిధి నెలకొకసారి పిల్లవాడితోనూ, కుటుంబంతోనూ మాట్లాడాలి. ఆ ప్రతినిధి ఉండే చోటు 120 మైళ్ల కంటే దూరం కాకూడదు. ఆడపిల్లను పంపే తల్లిదండ్రులు ఈ నిబంధనలు ఒకటికి రెండుసార్లు చదవాలి. ప్రతినిధి ఫోను నంబరు పిల్ల నోటికి వచ్చి ఉండాలి. ఆ ఇంట్లో ఏదైనా సరిగా లేకపోతే చెప్పడం కృతఘ్నత కాదు. ఇల్లు మార్చే వీలు ఉంటుంది. ‘వాళ్లేమనుకుంటారో’ అని మాత్రం ఆగవద్దని పిల్లకు తల్లే చెప్పాలి. ఇక్కడ తకల్లుఫ్‌కు చోటు లేదు.

రోజూ ఫోన్ చెయ్యవద్దని సంస్థలవారు చెప్పినప్పుడు తల్లులు కంటతడి పెడతారు. వారి మాటలో న్యాయం ఉంది. చేతిలో ఫోను ఉంటే పిల్లవాడి శరీరం మిన్నెసోటాలో, మనసు కడపలో ఉంటుంది. రెండు చోట్లా పూర్తిగా ఉండడు. వారానికి ఒక రోజు, ఒక వేళ నిర్ణయించుకోవడం మంచిది. అక్కడ రాత్రి తొమ్మిదయితే, వేసవిలో, ఇక్కడ మర్నాడు ఉదయం ఏడున్నర.

ఇక సామాను. కొన్ని ఇళ్లలో పిల్లవాడికి మటన్ అచ్చారు సీసా, ఎండబెట్టిన మాంసం సర్దుతున్నారు. మాంసం కలిసిన పదార్థాలను అమెరికా సరిహద్దులో తీసేసుకుంటారు. తెచ్చిన తినుబండారాలన్నీ అధికారులకు చెప్పాలి, దాస్తే జరిమానా. మామిడికాయ పచ్చడి, బిస్కెట్లు, మసాలా పొట్లాలు పెట్టి, వాటి సంగతి అక్కడ చెప్పమనండి. ఇంటి తల్లికి ఒక చీరో, కలంకారీ గుడ్డో చాలు. బిర్యానీ చేసే పద్ధతి అబ్బాయికి ముందే నేర్పి పంపితే ఇంకా మేలు. వాడు వంటింట్లోకి వెళ్లడం చూసి నాయనమ్మలు మూతి ముడిచినా సరే.