ఎండ కూడా విపత్తే: చట్టం ఏం చెప్తోంది?



జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి వచ్చి హాస్టళ్లలో చదువుకున్న మనకు ఎండ గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర లేదు. మన అమ్మానాన్నలు వరి పొలాల్లో, పసుపు చేలల్లో, ఉపాధి హామీ పనుల్లో, సిరిసిల్ల సాంచాల మధ్య, కోరుట్లలో బీడీల చాట ఒడిలో పెట్టుకొని పని చేస్తూనే మనల్ని చదివించారు. వాతావరణ మార్పుతో ఎండలు ముదురుతున్న కొద్దీ ముందుగా దెబ్బ తగిలేది వాళ్లకే. మరి చట్టం వాళ్లకు ఏ మేరకు అండగా ఉంది? మాకు తెలిసినంతలో వివరిస్తాము.

మన దేశంలో నీటి కాలుష్య చట్టం 1974లో, వాయు కాలుష్య చట్టం 1981లో వచ్చాయి. 1984 భోపాల్ దుర్ఘటన తర్వాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం చేశారు. ఈ మూడింటి పద్ధతి ఒకటే. పొగ వదిలిన గొట్టం ఎవరిదో, మురికి నీళ్లు కలిపిన కాలువ ఎవరిదో కనిపెట్టి, వాళ్లపై చర్య తీసుకోవడం. కానీ వడగాలికి అలా ఒక యజమాని ఉండడు. నోటీసు ఎవరికి ఇవ్వాలి? అందుకే చట్టం కొత్త దారులు వెతుక్కోవలసి వచ్చింది.

మొదటి దారి రాజ్యాంగం. బాబాసాహెబ్ అంబేద్కర్ అధ్యక్షుడిగా ఉన్న కమిటీ ముసాయిదా రాసిన రాజ్యాంగంలో 21వ అధికరణం జీవించే హక్కును ఇచ్చింది. రాజస్థాన్, గుజరాత్‌లలో కరెంటు తీగలకు తగిలి చనిపోతున్న బట్టమేక పక్షుల కేసులో (రంజిత్‌సిన్హ్ కేసు) సుప్రీంకోర్టు 2024 మార్చి 21న తీర్పు ఇస్తూ, వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందే హక్కు కూడా 14, 21 అధికరణాల్లోనే ఉందని చెప్పింది. పక్షుల కేసులో వచ్చిన ఈ మాట మన కూలీలకూ వర్తిస్తుంది.

రెండవ దారి 2005 విపత్తు నిర్వహణ చట్టం. దీని కింద సహాయం ఇవ్వడానికి కేంద్రం 2022లో ఇచ్చిన జాబితాలో వరద, కరువు, వడగండ్లు ఉన్నాయి, చలిగాలులు కూడా ఉన్నాయి. వడగాలులు మాత్రం లేవు! అయితే రాష్ట్ర విపత్తు నిధిలో 10 శాతం వరకు స్థానిక విపత్తులకు ఖర్చు చేసే వీలుంది. ఆ వీలును వాడుకొని 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడగాలులను, వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. వడదెబ్బతో చనిపోయినవారి కుటుంబానికి 4 లక్షల రూపాయలు ఇవ్వాలని నిర్ణయించింది.

ఇది మంచి మార్పే. కాని ఈ డబ్బు మనిషి పోయాకే వస్తుంది. ఎండకు పని మానుకున్న రోజు కూలికి లెక్క లేదు. సాంచాల షెడ్డు సంగతి చూడండి. పని చేసే చోట గాలి, తగిన ఉష్ణోగ్రత ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 13వ సెక్షన్ చెప్పింది. కాని కరెంటుతో నడిచే చోట కనీసం 10 మంది ఉంటేనే అది ఫ్యాక్టరీ. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లో ఆ సంఖ్య 20 అయింది. ఒక పక్క హక్కు పెరుగుతుంటే, ఇంకో పక్క చిన్న షెడ్డు చట్టానికి మరింత దూరమైంది.

తమ్ముళ్లారా, మన ఇండ్లలో కాయితం చదవగలిగిన మొదటి తరం మనమే. ఊర్లో ఎవరైనా ఎండకు పడిపోతే వెంటనే ఆస్పత్రికి చేర్చండి, చీటీలు దాచిపెట్టండి. ప్రాణం పోతే అంత్యక్రియలకు ముందే ఎమ్మార్వో ఆఫీసుకు, డాక్టరుకు తెలియజేయండి. వడదెబ్బ చావును గుండెపోటు అనుకొని వదిలేస్తే తర్వాత రుజువు చేయడం కష్టం. ఆ దరఖాస్తు రాసిపెట్టడానికి ఊరికి ఒక్కరైనా మన హాస్టల్ విద్యార్థి ఉండాలని కోరుకుంటున్నాము.