ఇంగ్లీషులో ప్రశ్న అడగడం ఎలా?

స్కాలర్‌షిప్ ఇంటర్వ్యూ ముగిసేటప్పుడు విద్యార్థిని సాధారణంగా ఒక మాట అడుగుతారు. "డు యు హ్యావ్ ఎనీ క్వశ్చన్స్?" అంటే, మీరు మమ్మల్ని అడగవలసింది ఏమైనా ఉందా అని. చాలామంది పిల్లలు "నో సర్" అని లేచి వచ్చేస్తారు. నిజానికి అడగవలసినవి ఉంటాయి. వచ్చే సంవత్సరం కూడా డబ్బు వస్తుందా? హాస్టల్ ఖర్చు ఇందులో చేరుతుందా? మార్కులు తగ్గితే ఏమవుతుంది? ఇవన్నీ మనసులో తెలుగులో మెదులుతూనే ఉంటాయి. ఇంగ్లీషులో ఎలా అడగాలో తెలియక నోరు పెగలదు.

జవాబులను బట్టీ పట్టి వెళ్ళవచ్చు. ప్రశ్నను అలా బట్టీ పట్టలేము. అప్పటికప్పుడు మనమే తయారు చేసుకోవాలి. అందుకు కావలసిన పద్ధతి చిన్నదే. తల్లిదండ్రులు కూడా చదివి పిల్లలకు సాయం చేయగలగాలని ఇక్కడ ఇంగ్లీషు వాక్యాలను తెలుగు అక్షరాలలోనే ఇస్తున్నాము.

ఈ ఇబ్బంది ఎందుకు వస్తుంది?

కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగర్ ప్రాంతంలో మన ఇళ్ళలో మాట తెలుగు. బడిలోను, బజారులోను తమిళం. తమిళనాడులో 1968 నుంచి తమిళం, ఇంగ్లీషు అనే రెండు భాషల విధానం ఉన్నందువల్ల మన పిల్లలకు ఇంగ్లీషు మూడో భాషగా వస్తుంది.

తెలుగు, తమిళం ఒకే కుటుంబానికి చెందిన భాషలు. ప్రశ్న వేసే పద్ధతి రెండింటిలోనూ ఒకటే. "వచ్చాడు" అనే మాటకు చివర దీర్ఘం చేరిస్తే "వచ్చాడా?" అవుతుంది. తమిళంలోనూ అంతే, "వందాన్" అనేది "వందానా?" అవుతుంది. మాటల వరుస మారదు. "నువ్వు మదురైకి పోతున్నావు" అనే వాక్యంలో "మదురైకి" తీసి అక్కడే "ఎక్కడికి" పెడితే ప్రశ్న సిద్ధం.

ఇంగ్లీషులో చివర చేర్చడానికి అలాంటి అక్షరం లేదు. అక్కడ మాటల వరుస మారితేనే ప్రశ్న అవుతుంది. మన పిల్లలు "వేర్ యు ఆర్ గోయింగ్?" అనడానికి కారణం తెలివి తక్కువ కావడం కాదు. రెండు భాషలలో సరిగ్గా పనిచేసిన సూత్రాన్నే మూడో భాషకూ వాడుతున్నారు, అంతే.

మొదటి మెట్టు: సహాయక క్రియను ముందుకు తేవాలి

ముందుగా మామూలు వాక్యం చెప్పుకోండి. అందులో ఈ చిన్న మాటలలో ఏదైనా ఉందా చూడండి: యామ్, ఈజ్, ఆర్, వజ్, వర్, హ్యావ్, హ్యాజ్, హ్యాడ్, క్యాన్, కుడ్, విల్, వుడ్, షల్, షుడ్, మే, మస్ట్. ఉంటే దానిని కర్తకు ముందు పెట్టండి.

కామరాజ్ వజ్ బార్న్ ఇన్ విరుదునగర్. ఇందులో "వజ్" ఉంది. దానిని ముందుకు తెస్తే: వజ్ కామరాజ్ బార్న్ ఇన్ విరుదునగర్?

షి క్యాన్ అప్లై నౌ. ప్రశ్నగా: క్యాన్ షి అప్లై నౌ?

రెండవ మెట్టు: సహాయక క్రియ లేకపోతే డు, డజ్, డిడ్

ద ట్రెయిన్ స్టాప్స్ ఎట్ సాత్తూర్. ఇందులో పై మాటలు ఏవీ లేవు. అప్పుడు బయటి నుంచి ఒకదానిని తెచ్చుకోవాలి. ఐ, యు, వి, దే లకు "డు". హి, షి, ఇట్ లకు "డజ్". జరిగిపోయిన పనికి ఎవరైనా సరే "డిడ్".

డజ్ ద ట్రెయిన్ స్టాప్ ఎట్ సాత్తూర్? ఇక్కడ "స్టాప్స్" కాస్తా "స్టాప్" అయింది. చివరి "స్" శబ్దం చేసే పనిని "డజ్" తీసుకుంది కాబట్టి అసలు క్రియ తన మూలరూపానికి తిరిగి వెళ్ళింది. "డిడ్" విషయమూ అంతే. హి వెంట్ టు మదురై అనేది "డిడ్ హి గో టు మదురై?" అవుతుంది. "డిడ్ హి వెంట్?" అనడం తప్పు. భూతకాలాన్ని ఒక్కసారి చెబితే చాలు, రెండుసార్లు అక్కరలేదు. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే.

ఇంకొక జాగ్రత్త. "హ్యావ్", "హ్యాజ్" అనేవి "ఉంది" అనే అర్థంలో వస్తే అవి అసలు క్రియలే. షి హ్యాజ్ ఎ బ్రదర్ అనేదానికి ప్రశ్న: డజ్ షి హ్యావ్ ఎ బ్రదర్?

ఈ "డు" పద్ధతి ఇంగ్లీషులోనూ మొదటి నుంచి ఉన్నది కాదు. షేక్‌స్పియర్ కాలంలో (1564-1616) డు పెట్టి అడగడమూ ఉండేది, అసలు క్రియనే ముందుకు తెచ్చి అడగడమూ ఉండేది. తరువాతి కాలంలో డు వాడుకే స్థిరపడింది.

మూడవ మెట్టు: ప్రశ్న మాట అన్నిటికన్నా ముందు

వాట్, వేర్, వెన్, వై, హౌ వంటి మాటలతో అడిగేటప్పుడు ఆ మాట మొదట వస్తుంది. వెంటనే సహాయక క్రియ, ఆ తరువాతే కర్త.

వేర్ వజ్ కామరాజ్ బార్న్? విరుదునగర్‌లో.

వెన్ డిడ్ కామరాజ్ బికమ్ చీఫ్ మినిస్టర్? 1954లో.

ఒక్క మినహాయింపు ఉంది. ప్రశ్న మాటే కర్త అయినప్పుడు, అంటే పని చేసినది ఎవరో, జరిగినది ఏమిటో అడిగేటప్పుడు, ఏదీ మారదు. హూ కేమ్? వాట్ హ్యాపెండ్? వీటిలో "డిడ్" అవసరం లేదు.

మర్యాదగా అడిగేటప్పుడు

తెలుగులో "అండి" చేర్చితే మర్యాద వస్తుంది. ఇంగ్లీషులో "కుడ్ యు టెల్ మి" వంటి మాటలతో మొదలుపెడతారు. అయితే ఆ మాటల తరువాత వచ్చే ప్రశ్నలో వరుస మళ్ళీ మామూలు వాక్యంలా మారిపోతుంది. కుడ్ యు టెల్ మి వేర్ ద ఆఫీస్ ఈజ్? ఇదే సరి. "వేర్ ఈజ్ ద ఆఫీస్" అని ఇందులో ఇరికించరాదు. అలాగే, కుడ్ యు టెల్ మి వెన్ ద ఆఫీస్ ఓపెన్స్? ఇక్కడ "డజ్" రాదు.

"కదా", "ఎన్నో" అనే మాటల చిక్కు

మన "కదా" అన్ని వాక్యాలకూ సరిపోతుంది. ఇంగ్లీషులో ఒక్కో వాక్యానికి ఒక్కో తోక ఉంటుంది. యు పెయిడ్ ద ఫీ, డిడన్ట్ యు? షి ఈజ్ యువర్ సిస్టర్, ఈజన్ట్ షి? వాక్యంలో "కాదు" లేకపోతే తోకలో ఉంటుంది, వాక్యంలో ఉంటే తోకలో ఉండదు. అన్నిటికీ "ఈజన్ట్ ఇట్" తగిలించరాదు.

జవాబు చెప్పడంలో ఇంతకన్నా పెద్ద ప్రమాదం ఉంది. "నీకు వేరే స్కాలర్‌షిప్ రాలేదు కదా?" అంటే మనం "అవునండి, రాలేదు" అంటాము. అదే ప్రశ్న ఇంగ్లీషులో "యు హ్యావన్ట్ రిసీవ్డ్ ఎనీ అదర్ స్కాలర్‌షిప్, హ్యావ్ యు?" అని వస్తుంది. అలవాటుగా "యెస్" అని ఊరుకుంటే, వచ్చిందని అర్థం చేసుకునే అవకాశం ఉంది. అవసరమున్న విద్యార్థి ఒక్క మాటతో అవకాశం పోగొట్టుకోవచ్చు. రాకపోతే ప్రశ్న ఎలా ఉన్నా "నో, ఐ హ్యావన్ట్" అనాలి. జరిగితే యెస్, జరగకపోతే నో. ఇంతే గుర్తు.

"కామరాజ్ ఎన్నో ముఖ్యమంత్రి?" అని తెలుగులో సులభంగా అడుగుతాము. తమిళంలో దీనికి "ఎత్తనైయావదు" ఉంది. ఇంగ్లీషులో మాత్రం అలాంటి ఒక్క మాట లేదు. వేరే దారిలో అడగాలి. "నువ్వు ఎన్నో బిడ్డవు?" అనడానికి బదులు, హౌ మెనీ ఎల్డర్ బ్రదర్స్ అండ్ సిస్టర్స్ డు యు హ్యావ్? అంటే సరిపోతుంది. మాటకు మాట దొరకకపోతే భావాన్ని పట్టుకోవాలి.

తల్లిదండ్రులకు ఒక మాట

ఇంగ్లీషు రాకపోయినా మీరు ఈ సాధన చేయించవచ్చు. మొదటి మెట్టులోని చిన్న మాటలను, డు, డజ్, డిడ్ లను ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. రోజూ పది నిమిషాలు తెలుగులో ఒక ప్రశ్న చెప్పి, దానిని ఇంగ్లీషులో అడగమనండి. ప్రశ్న మాట వెంటనే కాగితంలోని మాటల్లో ఒకటి వినిపించిందా? ప్రశ్న మాట లేకపోతే, మొదటి మాటే కాగితంలో ఉందా? ఈ రెండే గమనించండి. హూ కేమ్ లాంటివి, కుడ్ యు టెల్ మి తరువాత వచ్చేవి మాత్రం దీనికి మినహాయింపు.

ఇంట్లో తెలుగు ఉండడం చదువుకు అడ్డం అనుకోవద్దు. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్‌లో తెలుగు మాట్లాడే కుటుంబంలో పుట్టిన కి. రాజనారాయణన్ తమిళంలో రాసి 1991లో సాహిత్య అకాడమీ అవార్డు పొందారు. రెండు భాషలు తెలిసిన పిల్లలకు మూడోది భారం కానక్కరలేదు.

సాధన

ఈ వాక్యాలను ప్రశ్నలుగా మార్చండి.

1. యు ఆర్ స్టడీయింగ్ ఇన్ ప్లస్ టూ. (అవునా, కాదా అని అడగండి)
2. హర్ ఫాదర్ వర్క్స్ ఇన్ ఎ మ్యాచ్ ఫ్యాక్టరీ. (ఎక్కడ అని అడగండి)
3. దే పెయిడ్ ద ఫీ ఆన్ మండే. (ఎప్పుడు అని అడగండి)
4. సమ్‌బడీ సైన్డ్ ద ఫారం. (ఎవరు అని అడగండి)

జవాబులు: 1. ఆర్ యు స్టడీయింగ్ ఇన్ ప్లస్ టూ? 2. వేర్ డజ్ హర్ ఫాదర్ వర్క్? 3. వెన్ డిడ్ దే పే ద ఫీ? 4. హూ సైన్డ్ ద ఫారం?

మొదట చెప్పుకున్న మూడు సందేహాలను ఇప్పుడు అడిగి చూడండి. విల్ ఐ గెట్ ద స్కాలర్‌షిప్ నెక్స్ట్ ఇయర్ ఆల్సో? డజ్ ఇట్ కవర్ ద హాస్టల్ ఫీ? వాట్ హ్యాపెన్స్ ఇఫ్ మై మార్క్స్ గో డౌన్? ఈసారి "ఎనీ క్వశ్చన్స్?" అని అడిగినప్పుడు "యెస్ సర్" అని చెప్పి, కూర్చున్న చోటనే ఇంకొక నిమిషం కూర్చోండి.