చక్రాల ఇల్లు కొనబోయే ముందు

వేసవి సెలవులు దగ్గరపడగానే భిలాయి ఉక్కు నగరంలోని తెలుగు ఇళ్లలో ఊరి ప్రయాణపు మాటలు మొదలవుతాయి. సోవియట్ దేశంతో 1955లో కుదిరిన ఒప్పందం ఫలితంగా ఇక్కడ కర్మాగారం వెలిసింది. 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఆ కొలుములను నమ్ముకొని ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవారి మనుమలు నేడు ఇక్కడి సెక్టార్లలోనూ, ఖుర్సీపార్ వంటి పేటలలోనూ సంసారాలు చేస్తున్నారు. రైళ్లకు లోటు లేదు. దుర్గ్‌లో సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కవచ్చు. 2024 సెప్టెంబరులో దుర్గ్-విశాఖపట్నం వందే భారత్ కూడా ప్రారంభమయింది. అయినా వృద్ధులైన తల్లిదండ్రులనూ, పిల్లలనూ, పెట్టే బేడానూ విజయనగరం స్టేషనులో దింపుకొని, అక్కడి నుంచి మళ్ళీ పల్లెకు బస్సు వెదుక్కోవడం ఎంత శ్రమో అనుభవించినవారికి తెలుసు. దారిలోని చిత్రకోట జలపాతం, కాంగేర్ లోయలోని తీరథ్‌గఢ్ రైలు కిటికీలోంచి కనిపించేవి కావు. అందువల్లనే దేశానికంతటికీ రైలు పట్టాలు తయారుచేసే ఊరిలో ఉంటూ కొందరు రోడ్డు మీద మోజు పడుతున్నారు. పడుకొనడానికి మంచం, వండుకొనడానికి పొయ్యి, కడుక్కొనడానికి నీళ్లు ఉన్న పాత మోటారు హోమ్ ఒకటి కొంటే హోటలు ఖర్చు తప్పుతుంది కదా అన్నది వారి ఆలోచన.

చక్రాల ఇల్లు కొత్త ఊహ ఏమీ కాదు. 1885లో గోర్డన్ స్టేబుల్స్ అనే స్కాటిష్ వైద్యుడు, రచయిత ‘వాండరర్’ అనే గుర్రపు బండిని సొంత విహారం కోసమే కట్టించుకొని బ్రిటనంతా తిరిగాడు. మన దేశంలో మాత్రం కారవాన్ అనగానే సినిమా తారల బండి గుర్తుకు వస్తుంది. కర్మాగారమే కట్టి అమ్మిన మోటారు హోమ్‌లు ఇక్కడ బహు తక్కువ. వాడినవి మరీ తక్కువ. మధ్యతరగతి కుటుంబానికి అందుబాటు ధరలో దొరికేవి సాధారణంగా ఒకప్పటి అంబులెన్సులు, స్కూలు వ్యానులు, టెంపో ట్రావెలర్లు, టాటా వింగర్లు. ఎవరో మిస్త్రీ ప్లైవుడ్డు మంచాలూ అలమరలూ బిగించి, పరదాలు కట్టి అమ్మకానికి పెట్టినవి. చిన్న కుటుంబాలు మారుతి ఓమ్నీలను, ఈకోలను కూడా చూస్తుంటాయి. ఓమ్నీ తయారీ 2019లో ఆగిపోయింది.

కొనబోయేవాడు పరదాల వైపు చూడటం సహజమే. ఇంటి ఇల్లాలికి అలమరలు నచ్చుతాయి, పిల్లలకు పై బెర్తు నచ్చుతుంది, బేరం అక్కడే సగం కుదిరిపోతుంది. నిజానికి సామాను పనితనం చివరన చూడవలసిన సంగతి. చెక్కపని పాడైతే వడ్రంగి బాగుచేయగలడు. కాగితాలూ, ఛాసిస్సూ పాడైతే ఆ బండి మీద పెట్టిన పొదుపు సొమ్ము తిరిగిరాదు.

ముందుగా ఆర్.సి.ని తీసుకొని బండి పక్కన నిలబడి చదవాలి. అందులో వ్రాసిన ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద చెక్కినవాటితో సరిపోవాలి. తరువాత వాహన తరగతి ఏమని ఉన్నదో చూడాలి. 2004లో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన ప్రకటన ప్రకారం సొంత వాడకానికి ఉద్దేశించిన క్యాంపర్ వ్యాను రవాణా వాహనం కాదు. అంబులెన్సు మాత్రం రవాణా వాహనమే. లోపల మంచాలు వేసినంత మాత్రాన అంబులెన్సు ఇల్లయిపోదు. నంబరు పలక పసుపు రంగులో ఉంటే ఫిట్‌నెస్ పత్రం కావాలి. వాహనానికి 8 ఏళ్లు దాటిన తరువాత దానిని ఏటా పొందవలసి ఉంటుంది. పర్మిట్టు, పన్ను సంగతి వేరే. భిలాయి నుంచి జగదల్‌పూర్, కోరాపుట్ మీదుగా సాలూరు చేరేవాడు ఒడిశా, ఆంధ్ర సరిహద్దులు రెండూ దాటాలి కనుక ఈ లోపం ఇంటి దగ్గర కాక నడిరోడ్డున బయటపడుతుంది.

ఇంతకంటె పెద్ద చిక్కు మార్పుల విషయంలో ఉన్నది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ విషయాన్ని గట్టిగా చెప్పింది. సీట్లు తీసివేసి, పైకప్పు ఎత్తు పెంచి, కిటికీలు కోసి కట్టిన బండి వివరాలు ఆర్.సి.లో నమోదు కాకపోతే, ప్రమాదం జరిగిన రోజున బీమా కంపెనీ ఆ మార్పునే చూపి నష్టపరిహారానికి అడ్డుచెప్పవచ్చు. “అందరూ ఇలాగే నడుపుతున్నారండీ” అనే అమ్మకందారు మాట ఆనాడు అక్కరకు రాదు. మార్పుకు రవాణా అధికారి ఇచ్చిన అనుమతిని కాగితం మీద చూపగలవారితోనే బేరం సాగించాలి.

పొరుగు రాష్ట్రపు బండి చవకగా వస్తుందని నాగపూరు నుంచో విశాఖ నుంచో తెచ్చేవారు మరొక లెక్క వేసుకోవాలి. అక్కడి రవాణా కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం, అంటే ఫారం 28 కావాలి. బండి 12 నెలలకు మించి ఛత్తీస్‌గఢ్‌లో ఉంటే ఇక్కడి నంబరు, దుర్గ్ జిల్లాకైతే సి.జి.07 వరుసది, తీసుకోవాలి. ఇక్కడి పన్ను కూడా కట్టాలి. చవక బేరం సగం అక్కడే కరిగిపోతుంది. బండి మీద అప్పు ఉంటే అది తీరినట్లు ఫారం 35 ఉండాలి. సొంత వాహనం రిజిస్ట్రేషను 15 ఏళ్లకే చెల్లుతుంది, ఆపై అయిదేసి ఏళ్లకు పొడిగించుకోవాలి. పదమూడో ఏట ఉన్న బండి ధర తక్కువగా ఉండటంలో ఆశ్చర్యం లేదు.

ఇక ఇనుము. తుప్పు అంటే ఏమిటో భిలాయివారికి ఎవరూ చెప్పనక్కరలేదు. కానీ బండి కొనేటప్పుడు కార్మికుడు తన వృత్తిని ఇంటి దగ్గరే వదిలి వస్తాడేమోననిపిస్తుంది. నేల మీది రబ్బరు చాపను ఎత్తించండి. చక్రాల గూళ్లు, తలుపు గడపలు, వెనుక బంపరు లోపలి వైపు, నీళ్ల తొట్టి బిగించిన చోటు తడిమి చూడండి. స్క్రూడ్రైవరు పిడితో మెల్లగా తడితే మంచి రేకు ఖంగుమంటుంది, పుట్టీ పూసినచోట మొద్దు శబ్దం వస్తుంది. ఛాసిస్ దూలాలపై కొత్త వెల్డింగు గాని, అడుగున మాత్రమే తాజా నల్లరంగు గాని కనిపిస్తే కారణం అడగండి. పైకప్పు మీద రెండు బకెట్లు నీళ్లు పోయించి, అరగంట తరువాత లోపలి ప్లైవుడ్డును ముట్టి చూడటం ఉత్తమం. గాలి యంత్రం కోసం కోసిన రంధ్రాల వద్దే కారడం ఎక్కువ. టైరు అంచు మీద నాలుగంకెల సంఖ్య ఉంటుంది: 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరపు 23వ వారంలో తయారైనదన్నమాట. అరుగుదల లేకపోయినా ఆరేడేళ్లు దాటిన టైర్లను మార్చే ఖర్చు ధరలోంచి తగ్గించుకోవాలి.

బరువు సంగతి చాలామంది తలచుకోరు. లీటరు నీరు కిలో. నూరు లీటర్ల తొట్టి నిండితే క్వింటాలు. దానికి ప్లైవుడ్డు, బ్యాటరీలు, గ్యాసు, ఎనిమిది మంది మనుషులు, బియ్యం బస్తా కలపండి. ఆర్.సి.లో గరిష్ఠ బరువు వ్రాసి ఉంటుంది. భిలాయి పరిసరాలలో లారీలు తూచే ధరమ్ కాంటాలకు కొరత లేదు కనుక, తొట్టి నింపి, ఇంటిల్లిపాదినీ ఎక్కించి ఒకసారి తూయించండి. పరిమితి దాటిందా, కేశకాల్ ఘాటు దిగేటప్పుడు బ్రేకులే ఆ సంగతి చెబుతాయి.

నడిపి చూడటం కూడా ఆ ఘాటును మనసులో పెట్టుకొనే చేయాలి. సివిక్ సెంటరు చుట్టూ ఒక తిప్పు తిప్పితే ఏ బండి అయినా బాగానే ఉంటుంది. చల్లారిన ఇంజనును మీ ఎదుటే స్టార్టు చేయించండి. నీలిపొగ వస్తే ఆయిలు కాలుతున్నది. వేడెక్కిన తరువాత కూడా విడవని తెల్లపొగ వస్తే నీరు సిలిండరులోకి చేరుతున్నదని అనుమానించాలి. మధ్యాహ్నపు ఎండలో ఎత్తు ఎక్కించి ఉష్ణోగ్రత ముల్లును గమనించండి. మేనెల వేడిలో నిండు బరువుతో అనంతగిరుల దారి ఎక్కవలసిన బండి ఇది.

కుటుంబ క్షేమానికి సంబంధించి రెండు విషయాలలో రాజీ వద్దు. నడుస్తున్న బండిలో ఎందరు ఉంటారో అన్ని సీట్లకు బెల్టులుండాలి, ఆ సీట్లు నేల ఇనుముకు బిగించి ఉండాలి. బామ్మగారినో పసిబిడ్డనో మంచం మీద పడుకోబెట్టి బండి నడపటం సుఖంగా కనిపిస్తుంది. గట్టి బ్రేకు పడినప్పుడు వారిని ఆపేదేమీ ఉండదు. రెండవది గాలి. 2024 డిసెంబరులో కేరళలోని వడకర వద్ద రోడ్డు పక్కన నిలిపిన కారవాన్‌లో ఇద్దరు నిద్రలోనే మరణించారు. జనరేటరు నుంచి లోపలికి చేరిన కార్బన్ మోనాక్సైడ్ అందుకు కారణమని పరిశోధనలో తేలింది. ఈ వాయువుకు వాసన లేదు, రంగు లేదు. కనుక ఏసీ ఉన్న బండి అని మురిసిపోయే ముందు అది దేనితో నడుస్తుందో అడగాలి. వెయ్యి వాట్ల యంత్రం 12 వోల్టుల బ్యాటరీ నుంచి 80 ఆంపియర్లకు పైగా లాగుతుంది. నూరు ఆంపియర్-అవర్ల బ్యాటరీ గంటసేపయినా నిలవదు. అప్పుడు జనరేటరో, ఇంజనో రాత్రంతా తిరగాలి. అదే బ్యాటరీతో రెండు చిన్న పంకాలు తెల్లవారే దాకా హాయిగా తిరుగుతాయి.

చివరగా డబ్బు లెక్క. రాయపూరు నుంచి జగదల్‌పూరుకే సుమారు 300 కి.మీ.; అక్కడి నుంచి విశాఖకు దాదాపు అంతే. రానుపోను, చూడదగిన చోట్లతో కలిపి 1,300 కి.మీ. అనుకుందాం. లీటరుకు 10 కి.మీ. ఇచ్చే బండికి 130 లీటర్ల డీజిలు. దానికి బీమా, మరమ్మతు, ఏడాదిలో మిగతా 350 రోజులు బండిని నిలిపే చోటు కలపండి. సెక్టారు క్వార్టరు ముందు ట్రావెలరును నిలపడం అంత సులభం కాదు. ఏడాదికి ఒక్క ప్రయాణమే చేసేవారికి డ్రైవరుతో సహా ట్రావెలరును అద్దెకు తీసుకోవడమే లాభమని నా అభిప్రాయం. ఏటా మూడు నాలుగు యాత్రలు చేసే పెద్ద కుటుంబానికి, లేక ఇద్దరు అన్నదమ్ములు కలిసి కొనేటట్లయితే, సొంత బండి గిట్టుబాటు కావచ్చు.

అట్టివారు కూడా కట్టించిన మోటారు హోమ్ కోసమే పట్టుబట్టనక్కరలేదు. సీట్లు చెక్కుచెదరని, కాగితాలు శుభ్రంగా ఉన్న ప్రయాణికుల వ్యాను కొని, మడత పరుపులు, దోమతెర, చిన్న 5 కిలోల గ్యాసు సిలిండరు, నీళ్ల డబ్బాలు వెంట తీసుకువెళితే చట్టానికి అడ్డు రాదు. వంట ఎప్పుడూ బండి బయటే చేసుకోవాలి. రాత్రికి సత్రంలోనో, బంధువుల అరుగు మీదనో పరుపులు పరచుకోవచ్చు. బేరం కుదిరిన నాడే 29, 30 ఫారాలపై సంతకాలు చేయించుకోండి. పాత యజమాని బీమాను 14 రోజులలోగా మీ పేరుకు మార్పించుకోండి. ఆ పని పూర్తయిన తరువాతనే ఊరికి ఉత్తరం వ్రాయండి.